హైదరాబాద్ క్రీడల్లో నంబర్ వన్ ఎవరు? రెండు ఆసియా స్వర్ణాలు తెచ్చిన బడిపంతులు రహీం సాబ్ గుర్తున్నారా?

హైదరాబాద్ క్రీడా చరిత్ర మొత్తానికి ఒకే ఒక్క ఫొటో పెట్టాలంటే ఎవరిది పెట్టాలి? ఇరానీ హోటల్‌లో నలుగురు కూర్చున్న చోట ఈ ప్రశ్న వేసి చూడండి. చాయ్ చల్లారిపోతుంది కానీ గొడవ మాత్రం తేలదు. ఒకరు ఆడిన మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు కొట్టిన అజహరుద్దీన్ అంటారు. ఇంకొకరు 2001 ఈడెన్ గార్డెన్స్‌లో లక్ష్మణ్ చేసిన 281 పరుగులు గుర్తు చేస్తారు. కుర్రకారు సానియా, సైనా, సింధు పేర్లు చెబుతారు. గోపీచంద్ లేకపోతే ఆ బ్యాడ్మింటన్ పతకాలు ఎక్కడివని ఎవరో ఒకరు అడ్డుపడతారు.

కాస్త పెద్దవాళ్లయితే జయసింహ స్టైల్ దగ్గరే ఆగిపోతారు. మరీ పాత సంగతులు తెలిసినవాళ్లు సయ్యద్ మహమ్మద్ హాదీని బయటికి తీస్తారు. ఏడు ఆటల్లో ఆరితేరినవాడని ఆయనకు రెయిన్‌బో హాదీ అని పేరు. రంజీ ట్రోఫీలో మొట్టమొదటి సెంచరీ ఆయనదే. ఒలింపిక్స్‌లో టెన్నిస్ ఆడారు. అలాంటి మనిషిని పక్కన పెట్టడం అంత ఈజీ కాదు.

ఇన్ని పేర్లు వచ్చినా, తరచూ మిస్సయ్యే పేరు ఒకటుంది. సయ్యద్ అబ్దుల్ రహీం. శిష్యులకు, అభిమానులకు రహీం సాబ్. 2024లో అజయ్ దేవగణ్ సినిమా 'మైదాన్' వచ్చాక ఈ పేరు చాలామంది చెవిన పడింది. అయితే సినిమా చూసి బయటికొచ్చినవాళ్లలో ఎంతమందికి ఆయన మన కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్లలో పాఠాలు చెప్పిన టీచర్ అని గుర్తుందో అనుమానమే. ఈ నగరానికి ఒకే ఫొటో అంటే అది ఆయనదే కావాలన్నది ఈ కథనం వాదన. ఎందుకో చూద్దాం.

ఇంతకీ ఎవరీ రహీం?

1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పటికి ఆరో నిజాం పాలన, మూసీ వరదలు ఊరిని ముంచేసి ఏడాది కూడా కాలేదు. చదువు ఉస్మానియా యూనివర్సిటీలో. అక్కడే యూనివర్సిటీ జట్టుకు ఫుట్‌బాల్ ఆడారు. డిగ్రీ అయ్యాక ఉద్యోగం బడిపంతులుగా. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్... ఇలా ఊళ్లో ఒక బడి నుంచి ఇంకో బడికి మారుతూ పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, పిల్లల ఆటల బాధ్యత కూడా నెత్తిన వేసుకున్నారు.

ఆటగాడిగా ఆయన దేశమంతా పేరు మోగిన స్టార్ కాదు. లోకల్ క్లబ్బుల్లో ఆడారు, అంతే. ఆయన గొప్పతనం వేరే చోట ఉంది. ఆటను ఎలా నేర్పాలో ఒక టీచర్‌లా ఆలోచించారు. పిల్లాడికి లెక్క రాకపోతే లెక్కను ముక్కలు చేసి చెబుతాం కదా, ఆయన ఫుట్‌బాల్‌ను అలా ముక్కలు చేశారు.

1940ల్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యాక ఆయన పెట్టిన పోటీలు వింటే ఇప్పటి కోచ్‌లు కూడా ఆశ్చర్యపోతారు. డ్రిబ్లింగ్ నిషేధించి ఒక టోర్నీ పెట్టారు. అంటే బంతి కాళ్ల దగ్గర ఉంచుకుని ఒక్కడే షో చేయడానికి లేదు, దొరికిన వెంటనే పక్కవాడికి ఇచ్చేయాలి. ఇంకో టోర్నీలో ఆటగాడికి చేతకాని కాలితోనే ఆడాలి. కుడికాలు వాటం ఉన్నవాడు ఎడమకాలితో తన్నాలన్నమాట. మొదట్లో అందరికీ నవ్వులాటగానే ఉండి ఉంటుంది. కానీ కొన్నేళ్లలో ఏమైందంటే, రెండు కాళ్లతో ఆడగలిగే, చకచకా చిన్న పాస్‌లతో మైదానం దాటేసే ఒక తరం తయారైంది. హైదరాబాద్ ఫుట్‌బాల్ అంటే వేగం, పాసింగ్ అని దేశమంతా అనుకోవడం అక్కడి నుంచే మొదలు.

పోలీసు జట్టు, పగ్గాలు పంతులు చేతిలో

1948 సెప్టెంబర్‌లో పోలీసు యాక్షన్ జరిగి హైదరాబాద్ సంస్థానం ఇండియన్ యూనియన్‌లో కలిసింది. ఆ తర్వాతి రెండేళ్లు ఈ ఊరికి ఎలాంటి రోజులో పెద్దలకు చెప్పక్కర్లేదు. నిజాం ప్రభుత్వంలో పనిచేసినవాళ్లలో చాలామందికి రేపేంటో తెలియని పరిస్థితి. భయాలు, వలసలు, అనుమానాలు. పాత దొరతనం పోయింది, కొత్తది ఇంకా కుదురుకోలేదు.

సరిగ్గా ఆ సమయంలో, 1950లో, రహీం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. చనిపోయేదాకా ఆ బాధ్యత వదల్లేదు. ఇక ఆ జట్టు ఏం చేసిందో చూడండి. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు గెలిచింది. ఒకటి కాదు రెండు కాదు, ఐదు! డ్యూరాండ్ కప్‌లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించి ట్రోఫీ ఎత్తుకొచ్చింది. 1954లో అయితే రోవర్స్, డ్యూరాండ్ రెండూ మనవే.

అప్పట్లో భారత ఫుట్‌బాల్ అంటే కలకత్తానే. పెద్ద క్లబ్బులు, డబ్బు, జనం అన్నీ అక్కడే. అలాంటి క్లబ్బులను నూర్ మహమ్మద్, అజీజ్, మొయిన్, జమాల్, సూసై లాంటి పోలీసు ఉద్యోగులు, ఒక స్కూల్ టీచర్ చెప్పిన పాఠంతో ఓడించి వస్తున్నారు. రెండేళ్ల కిందటి దాకా దేశంలో ఉంటుందో లేదో తెలియని హైదరాబాద్ పేరు ఇప్పుడు దేశం మొత్తం మీద చాంపియన్ పేరు. ఆ జట్టు పేర్లలో పాతబస్తీ ముస్లింలు ఉన్నారు, క్రైస్తవులు ఉన్నారు. ఆ రోజుల్లో ఈ ఊరు కలిసి సంబరపడిన సందర్భాలు ఎన్నో ఉండవు. ఫుట్‌బాల్ కప్పు వచ్చిన రోజు వాటిలో ఒకటి అనడానికి సందేహం అక్కర్లేదు. అజహర్, లక్ష్మణ్‌ల కంటే రహీంను ముందు పెట్టడానికి మా దృష్టిలో అసలు కారణం ఇదే. వాళ్లు గొప్ప ఆటగాళ్లు, అందులో డౌటే లేదు. రహీం మాత్రం ఊరు విరిగిపోయిన చోట ఒక జట్టును నిలబెట్టారు.

హెల్సింకీలో దెబ్బ

1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు. భారత జట్టు కోచ్ రహీం. ఫైనల్లో ఇరాన్‌పై మేవాలాల్ కొట్టిన ఒక్క గోల్‌తో స్వర్ణం మనకే వచ్చింది. దేశమంతా పండగ.

ఏడాది తిరగ్గానే సీన్ మారింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయాం. మన ఆటగాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే బరిలోకి దిగారు. ఫిన్లాండ్ చలికి, తడి గడ్డికి కాళ్లు నిలవలేదు. ఈ ఓటమి తర్వాతే ఆటగాళ్లు బూట్లు వేసుకుని తీరాలని ఫుట్‌బాల్ సమాఖ్య తేల్చి చెప్పింది.

ఇంకొకరైతే అక్కడితో కథ ముగిసేది. రహీం మాత్రం హెల్సింకీలో ఓడిపోయి ఊరికే రాలేదు. ఆ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన హంగరీ ఆట తీరును ఒంట పట్టించుకుని వచ్చారు. సెంటర్ ఫార్వర్డ్ ఎప్పుడూ గోల్ ముందే నిలబడకుండా కాస్త వెనక్కి జరిగి ఆడటం, దాంతో ఎదుటి జట్టు డిఫెండర్ ఎవరిని పట్టుకోవాలో తెలియక తికమక పడటం, అదీ హంగరీ మంత్రం. ఆ పాఠాన్ని మనవాళ్లకు తగ్గట్టు మార్చుకున్నారు. బ్రెజిల్ 1958 ప్రపంచ కప్‌లో 4-2-4 పద్ధతితో అందరినీ ఊపేసింది కదా, ఆ తరహా ఆటను రహీం అంతకంటే ముందే భారత జట్టుతో ఆడించారని ఫుట్‌బాల్ చరిత్ర తెలిసినవాళ్లు చెబుతారు.

ఫలితం మెల్‌బోర్న్‌లో కనిపించింది. 1956 డిసెంబర్ 1. ఇక్కడ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏర్పడి సరిగ్గా నెల రోజులు. అక్కడ ఒలింపిక్ క్వార్టర్ ఫైనల్లో ఆతిథ్య ఆస్ట్రేలియాను భారత్ 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే. సెమీస్‌లో మళ్లీ అదే యుగోస్లావియా. నాలుగేళ్ల కిందట పది గోల్స్ కొట్టిన జట్టుపై ఈసారి ముందు గోల్ కొట్టింది మనవాళ్లే! ఆ తర్వాత 4-1తో ఓడినా, కంచు పతకం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో పోయినా, నాలుగో స్థానం దక్కింది. ఇవాళ్టికీ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్‌కు అదే బెస్ట్.

ఆ జట్టులో హైదరాబాద్, సికింద్రాబాద్ కుర్రాళ్లే ఒక గుంపు. నూర్ మహమ్మద్, అజీజ్, లతీఫ్, సలాం, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం, సికింద్రాబాద్‌లో ఆట మొదలుపెట్టి సైన్యంలోకి వెళ్లిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్. ఒక్క నగరం నుంచి ఇంతమంది! ఆ రోజుల్లో సంతోష్ ట్రోఫీని కూడా 1956, 1957ల్లో వరుసగా హైదరాబాదే గెలిచింది.

రోజుకో రూపాయి, అద్దె సైకిల్

తులసీదాస్ బలరాం సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. రహీం ఎలాంటి మనిషో అందులోనే తెలుస్తుంది. బలరాంది సికింద్రాబాద్ కంటోన్మెంట్ పక్కన అమ్ముగూడ. తమిళ మూలాలున్న పేద కుటుంబం. ఆ పిల్లాడి ఆట రహీం కంట్లో పడింది. హైదరాబాద్ వచ్చి ప్రాక్టీస్ చేయమన్నారు. రావాలని ఉంది, రావడానికి డబ్బుల్లేవు. అమ్ముగూడ నుంచి సిటీ దాకా రోజూ నడిచి రావడం అయ్యే పని కాదు. అప్పుడు రహీం, సైకిల్ అద్దెకు తీసుకోమని రోజుకో రూపాయి తన జేబులోంచి ఇచ్చేవారని బలరాం కథ తెలిసినవాళ్లంతా చెప్పుకుంటారు.

స్కూల్ టీచర్ జీతంలోంచి రోజుకో రూపాయి అంటే ఆ కాలంలో చిన్న సంగతి కాదు. ఆ రూపాయి సైకిల్ మీద వచ్చిన కుర్రాడే మెల్‌బోర్న్, రోమ్ రెండు ఒలింపిక్స్ ఆడాడు. కలకత్తా ఈస్ట్ బెంగాల్ వాళ్లకు ఆరాధ్య దైవం అయ్యాడు. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం ముగ్గురినీ కలిపి భారత ఫుట్‌బాల్ త్రిమూర్తులు అన్నారు. త్రిమూర్తుల్లో ఒకరు అమ్ముగూడ వాసి అని మన పిల్లలకు చెప్పే బడి ఎక్కడైనా ఉందా?

1960 రోమ్‌లో గ్రూప్ దాటలేకపోయినా, హంగరీతో 2-1 దాకా పోరాడారు, ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసుకున్నారు. ఆ జట్టులో రహీం కొడుకు హకీం కూడా ఉన్నాడు. అయితే ఒక్క మ్యాచ్‌లో కూడా బరిలోకి దిగే చాన్స్ రాలేదు. కోచ్ నాన్నే కదా, ఓ మ్యాచ్ ఆడించొచ్చు కదా అని మనకు అనిపిస్తుంది. ఆయనకు అనిపించలేదు. ఈ హకీం తర్వాత ఎయిర్‌ఫోర్స్‌లో స్క్వాడ్రన్ లీడర్ అయ్యారు, ఫిఫా రిఫరీగా పేరు తెచ్చుకున్నారు.

జకార్తా: ఊరంతా వ్యతిరేకం

ఇక 1962. ఇండోనేషియా రాజధాని జకార్తాలో ఆసియా క్రీడలు. అప్పటికే రహీం ఒంట్లో క్యాన్సర్ ఉంది. ఆ మనిషి ఆ స్థితిలో జట్టును తీసుకుని వెళ్లారు.

మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. ఆ తర్వాత థాయిలాండ్‌పై 4-1తో గెలిచారు కానీ డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. జపాన్‌పై 2-0తో గెలుపు. ఇలా సాగుతుండగా బయట పెద్ద గొడవ రాజుకుంది. ఇజ్రాయెల్, తైవాన్ జట్లకు ఇండోనేషియా వీసాలు ఇవ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలు అనడానికి లేదని భారత్‌కు చెందిన క్రీడాధికారి జీడీ సోంధీ పట్టుబట్టారు. దాంతో జకార్తా జనం మనవాళ్ల మీద మండిపడ్డారు. ఫైనల్‌కు ముందురోజు భారత రాయబార కార్యాలయం మీద దాడి కూడా జరిగింది. తలపాగా కనిపిస్తే భారతీయులని గుర్తుపట్టేస్తారని, బస్సులో జర్నైల్, త్రిలోక్ సింగ్‌లు సీట్ల కింద కూర్చుని ప్రయాణం చేయాల్సి వచ్చిందని ఆ జట్టు సభ్యులు తర్వాత చెప్పుకునేవారు.

సెమీఫైనల్‌కు రహీం ఒక సాహసం చేశారు. తలకు కట్టుతో ఉన్న జర్నైల్‌ను డిఫెన్స్ నుంచి తీసి ఏకంగా సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. దెబ్బ తగిలిన మనిషితో ఈ ప్రయోగం ఏంటని అనుకున్నవాళ్లు ఉండే ఉంటారు. దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచాం, అందులో జర్నైల్ గోల్ ఒకటి. ఫైనల్ ముందు రాత్రి ఆటగాళ్లను కూర్చోబెట్టుకుని, రేపు నాకో బహుమతి ఇవ్వండి, అది బంగారమే కావాలని అడిగారట. ఆ మాట గురించి చెప్పేటప్పుడు పీకే బెనర్జీ లాంటివాళ్లు ముసలితనంలో కూడా కదిలిపోయేవారు.

సెప్టెంబర్ 4. లక్ష మంది దాకా జనం. స్టేడియం మొత్తం కొరియా వైపే. భారత జాతీయ గీతానికి కూడా గోల ఆగలేదు. ఆ గోలలో భారత్‌కు చప్పట్లు కొట్టింది పాకిస్థాన్ హాకీ జట్టు వాళ్లని చెబుతారు. జ్వరంతో కొన్ని మ్యాచ్‌లకు దూరమైన తంగరాజ్‌ను రహీం మళ్లీ గోల్‌లో నిలబెట్టారు. 17వ నిమిషంలో పీకే గోల్. మూడు నిమిషాలకే జర్నైల్ గోల్. ఆఖర్లో కొరియా ఒకటి తిరిగి కొట్టినా 2-1తో స్వర్ణం మనదే. ఆ రోజు ఆడిన పదకొండు మందిలో బలరాం, యూసుఫ్ ఖాన్, తంగరాజ్ మన ఊరి మైదానాల్లో పెరిగినవాళ్లే.

ఇంకో విశేషం. మర్నాడు సెప్టెంబర్ 5. దేశంలో మొట్టమొదటి టీచర్స్ డే జరిగింది ఆ రోజే. కావాలని ఎవరూ కుదిర్చింది కాదు, అలా కలిసొచ్చింది.

జకార్తా నుంచి వచ్చిన తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. 53 ఏళ్లు. క్యాన్సర్ ఆయన్ను తీసుకుపోయింది.

మరి మర్చిపోయింది ఎవరు?

రెండు ఆసియా స్వర్ణాలు, ఒక ఒలింపిక్ సెమీఫైనల్. ఈ లెక్క ఉన్న భారత ఫుట్‌బాల్ కోచ్ ఇంకొకరు లేరు. పద్మ పురస్కారం మాత్రం రాలేదు. కోచ్‌లకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైందే 1985లో. ఆయన పోయిన 22 ఏళ్లకు.

ఆయన తర్వాత కూడా హైదరాబాద్ కుర్రాళ్లు కొన్నేళ్లు దేశాన్ని ఏలారు. నయీముద్దీన్, హబీబ్, అక్బర్, షబ్బీర్ అలీ... కాకపోతే అందరి దారీ కలకత్తాకే. అక్కడ ఆటకు డబ్బుంది, జనం ఉన్నారు. 1977లో పీలే కాస్మోస్ జట్టుతో కలకత్తా వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన హబీబ్ మన హైదరాబాదీ. ఇక్కడేమో ఒక్కో మైదానంలో ఫుట్‌బాల్ పోయి క్రికెట్ వచ్చింది. ఆయనలా బడిబడికీ తిరిగి పిల్లల్ని ఏరి, టోర్నీలు పెట్టి, సైకిల్‌కు రూపాయి ఇచ్చే మనిషి మళ్లీ దొరకలేదు. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ గెలిచినప్పుడు టీవీల ముందు కేకలు వేసిన కుర్రాళ్లలో చాలామందికి, ఈ ఊరికి ఫుట్‌బాల్ కప్పులు కొత్తేమీ కాదని చెప్పినవాళ్లే లేరు.

హకీం 2021 ఆగస్టులో, బలరాం 2023 ఫిబ్రవరిలో, అదే ఏడాది ఆగస్టు 15న హబీబ్ కన్నుమూశారు. బలరాం చివరి శ్వాస విడిచింది కోల్‌కతాలో. 1962 తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్లీ స్వర్ణం రాలేదు. వచ్చింది 1970లో ఒక్క కాంస్యం. ఆ జట్టు కెప్టెన్ నయీముద్దీన్‌ది కూడా హైదరాబాదే.